జీడిపప్పు రెండో వైపు

ఏ కెమెరా కొనాలని అడిగినవాళ్లకు పేర్రాజుగారు పేరు చెప్పేవారు కాదు. అది దేన్ని చూడాలో దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టండి అనేవారు. యంత్రాలకు చూపు అమర్చే పనిలో ముప్పై ఏళ్లుగా పండిపోయిన మనిషి. ఆయన శిష్యుడు హేమసుందర్ మాత్రం ఆ రోజు పప్పు గింజైనా తేకుండా, ఒక అంకెల కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఇరవై మెగాపిక్సెళ్లు. వెంట్రుక పడినా పట్టేస్తుంది. ఇంతకన్నా మంచిది ఉంటుందా, గురువుగారూ?"

ఆ కెమెరాను పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో అతనే బిగించాడు. బెల్టు మీద సాగే పప్పును పైనుంచి చూసి, మచ్చ ఉన్నదాన్ని పక్కకు తోయించడం దాని పని. అయినా సరుకు తిరిగొచ్చింది, నూటికి ఏడు మచ్చపప్పులతో. హేమసుందర్ నిమిషంలో లెక్క తేల్చాడు. కెమెరా పొరబడదు, దాని తర్వాత పప్పు మీద పడేవి డబ్బాలు నింపే దాలమ్మ చేతులే, మచ్చవి కలిసింది అక్కడే. యజమాని ఆ పూటే ఆమెను పని మాన్పించాడు.

పేర్రాజుగారు మర్నాడు శిష్యుణ్ణి వెంటబెట్టుకుని కార్ఖానాకు వెళ్లి, దాలమ్మకు కబురంపారు. కెమెరా మంచివని వదిలిన పప్పులో గుప్పెడు తీసి ఆమె ముందు పోశారు. ఆమె ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో దొర్లించి చూసి, మూడు పక్కన పెట్టింది. మూడింటికీ మచ్చ ఒకవైపే ఉంది. బెల్టు మీద పప్పు దొర్లదు; ఆ వైపు అడుగున పడితే అడుగునే ఉంటుంది.

ఈసారీ లెక్క నిమిషంలోనే తేలింది. కెమెరాకు కనపడేది సగం. నూరు మెగాపిక్సెళ్లతో చూసినా అదే సగం. హేమసుందర్ చెవులు కాలిపోయాయి.

నింపేటప్పుడు నీ కళ్లేమయ్యాయని యజమాని దాలమ్మను గద్దించాడు.

"సూడొద్దు, నింపితే సాలన్నారు గదా బాబూ. సూసే మిషనొచ్చిందన్నారు."

ఆ మాట అన్నది హేమసుందరే. ఆమె అతని పేరెత్తలేదు, అతని వైపు చూడనైనా లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. తప్పు నాది అని అందరి ముందూ చెప్పాడు. యజమాని తలూపాక, దాలమ్మ కొంగు దోపుకుని వెళ్లి తన పీట మీద కూర్చుంది.

గేటు దగ్గర అతను నేల చూస్తూ, ఇప్పుడు ఏ కెమెరా పెట్టమంటారని అడిగాడు.

పేర్రాజుగారు ఆ మూడు పప్పుల్లో ఒకటి అతని అరచేతిలో పెట్టారు.

"పది రోజులు ఆవిడ పక్కన కూర్చో. అప్పటికీ నన్నే అడగాలనిపిస్తే, రా."