నూనెలో మెరిసిన రజను

తెనాలి కాలవగట్టు మీద పాతకార్లు బాగుచేసే బాజీ మేస్త్రీకి ఒక అలవాటు ఉంది. ఇంజనుకి జబ్బేమిటని ఎవరడిగినా వెంటనే చెప్పడు. చెవి పెట్టి వింటాడు, నూనె వేళ్ల మధ్య రుద్ది చూస్తాడు, టీ తెప్పిస్తాడు, వచ్చినాయన పిల్లల చదువులు అడుగుతాడు, ఆ తరవాత గానీ నోరు విప్పడు. ఇంకో అలవాటు కూడా ఉంది. షెడ్డులోకి చెప్పులతో రాడు, ఎవర్నీ రానివ్వడు. రిటైరయ్యాక నేను పొద్దున్నే వెళ్లి అక్కడి బల్ల మీద కూర్చోవడం మరిగాను కాబట్టి ఇవన్నీ నాకు కొట్టినపిండి.

ఆయన దగ్గర ప్రభుదాసని ఒక శిష్యుడు. ముప్పై ఏళ్లవాడు, డిప్లొమా చదివినవాడు. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేస్త్రీగారూ, చూడగానే మీకు తెలిసిపోతుంది. ఆమాటకొస్తే నాకే తెలిసిపోతోంది. మరి చెప్పడానికి ఇంత తాత్సారం ఎందుకండీ? జనం మనకి పని రాదనుకుంటారు."

మేస్త్రీ నవ్వి, "ఆ స్పానరు ఇటివ్వు," అన్నాడు. అప్పటికి అదే జవాబు. అసలు జవాబు పదిరోజుల తరవాత కారెక్కి వచ్చింది.

ఆ కారు పళ్ల డాక్టరు మృత్యుంజయరావుగారిది. వాళ్ల నాన్నగారు కొన్న పాతకాలపు ఇంగ్లీషు కారు. నల్లగా, గుండ్రటి కళ్లతో, పెళ్లికొచ్చిన పెద్దముత్తయిదువలా నిండుగా ఉంటుంది. దాని సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదు. ముప్పై ఒక్క ఏళ్లుగా దాన్ని తోలుతున్నది పోతురాజనే డ్రైవరు. మనిషి పొట్టి. స్టీరింగు మీదుగా రోడ్డు కనపడాలంటే కింద దిండు ఉండాల్సిందే. వాళ్లావిడ పాతచీరతో కుట్టిచ్చిన దిండు అది, డ్రైవరు సీటు మీద దాని చోటు దానిదే. రోజూ బండి స్టార్టు చేసే ముందు పోతురాజు నూనె కొలిచే పుల్ల తీసి, తన తువ్వాలుకే తుడిచి, మళ్లీ ముంచి చూసుకుంటాడు. అతని తువ్వాలు కొస ఎప్పుడూ నల్లగా ఉండేది అందుకే.

ఆ శుక్రవారం నూనె మార్పించడానికి కారు తెచ్చాడు. వెనక సీట్లో డాక్టరుగారు కూడా వచ్చారు. మేస్త్రీ నమాజుకి వెళ్లాడు, దాసు ఒక్కడే ఉన్నాడు. ఇంజను వేడి మీద ఉండగానే కింద బోల్టు విప్పి నూనెని తొట్టిలోకి వదిలాడు. తొట్టి అంటే పెద్దదేం కాదు, ఖాళీ నూనె డబ్బాని పక్కకి కోసి వాడుకుంటారు. నూనె నిండాక దాసు టార్చి వేసి చూశాడు. నల్లటి నూనెలో బంగారం పొడి చల్లినట్టు పసుపు మెరుపులు.

అయస్కాంతం తెచ్చి ముంచాడు. ఒక్క పిసరు అంటుకోలేదు.

"ఇనుము కాదండీ, ఇత్తడి. లోపల ఇరుసులకి తొడిగే బుష్షులు అరిగి రాలిపోతున్నాయి. నూనె తగ్గినా చూసుకోకుండా తోలితేనే ఇలా అవుతుంది," అన్నాడు దాసు. డాక్టర్లు మందుచీటీ రాస్తారే, అంత ధీమాగా అన్నాడు.

డాక్టరుగారి ముఖం మాడిపోయింది. "ఏం పోతురాజూ?"

"రోజూ చూస్తానండి."

"చూస్తే ఈ పొడి ఎక్కడిది? నాన్నగారి కారయ్యా ఇది. దీని బుష్షులు నేనిప్పుడు ఎక్కడని వెతకను? రోజూ చూస్తున్నానని ఇన్నేళ్లూ నాకు అబద్ధం చెబుతూ వచ్చావన్నమాట. తాళం అక్కడ పెట్టి వెళ్లు. రేపట్నుంచి రావద్దు."

పోతురాజు తాళంచెవి బల్ల మీద, నా పక్కనే పెట్టాడు. కారు తలుపు తీసి దిండు తీసుకున్నాడు. దుమ్ము లేకపోయినా రెండుసార్లు దులిపి చేతిసంచిలో కుక్కుకున్నాడు. నేను కాలవకేసి చూస్తూ కూర్చున్నాను.

అతను బయటికి వెళ్తుంటే గుమ్మంలో మేస్త్రీ ఎదురొచ్చాడు. సంచిలో దిండు చూశాడు. "టీ వస్తోంది, తాగి వెళ్దువుగాని. కూర్చో," అన్నాడు.

దాసు చెప్పిందంతా విని, నూనెలో వేలు ముంచి బొటనవేలితో రుద్దాడు.

"నువ్వూ రుద్ది చూడు దాసూ. ఎలా ఉంది?"

"గుచ్చుకుంటోందండి."

"ఆహా," అన్నాడు మేస్త్రీ. ఇంజనులో తిరిగొచ్చిన లోహం గుచ్చుకోదట, నలిగి నలిగి చేప పొలుసులా పలచబడిపోతుందట. ఆ సంగతి నాకు తరవాతెప్పుడో చెప్పాడు. అప్పుడు మాత్రం తొట్టిలో నూనె వేరేదాంట్లోకి వంపించాడు. దాసు తొట్టి తుడవబోతే వద్దని చెయ్యి పట్టుకున్నాడు. కొత్త నూనె డబ్బా తెప్పించి, దాని సీలు డాక్టరుగారి చేతే తీయించి, రెండు గ్లాసుల నూనె ఆ తొట్టిలోనే పోసి కాస్త తిప్పి టార్చి వేశాడు.

తేనె రంగు నూనె, అద్దంలా ఉంది. అందులోనూ అవే పసుపు మెరుపులు.

"ఈ నూనె ఇంకా ఏ బండీ ఎక్కలేదు. మరి దీని బుష్షులు ఎవరు అరగదీశారు?" అన్నాడు మేస్త్రీ.

దాసు తొట్టి అంచు వేలితో తడిమి చూశాడు. ఆ పొద్దున అతను ఎవరిదో నీళ్ల మోటారు తాలూకు ఇత్తడి బుష్షుని ఆకురాయి పెట్టి రాశాడు. రజను నేల మీద పడితే ఉత్తకాళ్లకి గుచ్చుకుంటుందని, ఆ షెడ్డులో ఏది రాసినా తొట్టి మీద పట్టుకునే రాయాలి. అది మేస్త్రీ పెట్టిన రూలే. రాశాక తొట్టి తుడవాలన్నదీ ఆయన రూలే. డాక్టరుగారి కారు వచ్చిన హడావిడిలో దాసు రెండోది మరిచిపోయాడు. అతను రాస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పింది నేనే, నాకూ గుర్తుకు రాలేదు చూడండి.

మేస్త్రీ కారు కిందికి దూరి, బోల్టు తీసిన చోట తన తెల్ల జేబురుమాలు పట్టాడు. ఇంకా బొట్టు బొట్టుగా కారుతున్న నూనె దాని మీద నల్లగా పడింది. మెరుపు లేదు. "నా ఈడు ఇంజను. నాకన్నా బాగుంది," అన్నాడు బయటికి వస్తూ.

డాక్టరుగారు మంచివారే. తాళంచెవి తనే తీసుకెళ్లి పోతురాజు చేతిలో పెట్టారు. "ఏదో కోపంలో అనేశాను. మనసులో పెట్టుకోకు."

"ఎంతమాట బాబుగారూ," అన్నాడు పోతురాజు.

దాసు వెళ్లి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పు నాది బాబాయ్." పోతురాజు నవ్వాడు కూడా. టీ తాగాడు. కొత్త నూనె పోయించుకుని, పుల్ల తీసి, తువ్వాలు కొసకి తుడిచి చూసుకుని, డాక్టరుగారు వెనక ఎక్కాక బండి స్టార్టు చేశాడు. హమ్మయ్య, కథ సుఖాంతమైందని నేను కాళ్లు చాపుకున్నాను.

దాసు మాత్రం గుమ్మంలో నిలబడి, కారు గట్టు మీద మలుపు తిరిగేదాకా చూశాడు. పోతురాజు మెడ రిక్కించి, గడ్డం స్టీరింగుకి ఆనుతుందా అన్నట్టు వంగి, రోడ్డు వెతుక్కుంటూ తోలుతున్నాడు. సంచి పక్కసీట్లో ఉంది. దాని మూతిలోంచి దిండు కొస కనపడుతోంది.

"తప్పు ఒప్పుకున్నాను కదండీ," అన్నాడు దాసు మెల్లిగా. "డాక్టరుగారు తాళం కూడా ఇచ్చేశారు. మరి దిండు వేసుకోలేదేం?"

మేస్త్రీ తొట్టి ఒళ్లో పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నాడు. మూలల్లో వేలు పెట్టి మరీ తుడిచాడు.

"నూనెలో పడ్డదైతే వడకట్టి ఇచ్చేవాణ్ణి దాసూ," అన్నాడు.