మూడు పాయింట్లు

హైమావతి బంతిని చూడడం మానేసి ఏడు నెలలైంది.

వాలీబాల్ కోచ్ బంతిని చూడదంటే వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఉన్నమాట అది. అమ్మాయిలు నెట్ దగ్గర గాల్లోకి లేచినప్పుడల్లా ఆమె కళ్ళు వాళ్ళ పాదాల మీదికి పోయేవి. రెండు పాదాలూ నేలకు ఆనేదాకా ఊపిరి బిగబట్టేది. ఆనగానే వదిలేది. గంటన్నర ప్రాక్టీసయ్యేసరికి తనే ఐదు సెట్లు ఆడినట్టు ఒళ్ళంతా చెమట పట్టేది.

చీరాలలో ఒక ఆడపిల్లల కాలేజీ జట్టుకి ఆమె హెడ్ కోచ్. పధ్నాలుగో ఏట ఆమె చేతికి బంతి ఇచ్చింది దావూద్ సార్. ఆడించింది, పాటియాలా పంపి కోచింగ్ డిప్లొమా చేయించింది, ఎనిమిదేళ్ళు తన పక్కన అసిస్టెంటుగా కూర్చోబెట్టుకుంది కూడా ఆయనే. ఆయన రిటైరయ్యాక విజిల్ ఆమె మెడలోకి వచ్చింది. వరసగా మూడేళ్ళు యూనివర్సిటీ కప్పు గెలిచింది. కాలేజీ గేటు మీద ఆమె ఫొటో పెట్టారు.

నాలుగో ఏడు ఫైనల్లో జట్టులో స్మాష్‌లు కొట్టే సాలోమి పడిపోయింది.

ఐదో సెట్టు, పన్నెండు పన్నెండు. హైమావతి టైమౌట్ తీసుకుంది. అందరూ నీళ్ళు తాగుతుంటే సాలోమి దగ్గరగా వచ్చి, మోకాలు లోపల ఏదో లాగుతోంది మేడమ్ అని మెల్లగా చెప్పింది. హైమావతి వంగి క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టింది. చుట్టి, ఆ పిల్ల భుజం తట్టి, "మూడు పాయింట్లేనమ్మా" అంది.

సాలోమి మూడూ కొట్టింది. మూడోది కొట్టి నేలకు దిగినప్పుడు చిన్న చప్పుడైంది. గోనెసంచి కుట్టు తెగితే వచ్చేంత చప్పుడు. చుట్టూ అరుపులూ చప్పట్లూ. అంత గోలలోనూ అది హైమావతికి వినపడింది. కప్పు ఎవరు అందుకున్నారో ఆమెకు ఇప్పటికీ గుర్తులేదు.

ఆపరేషనైంది. మోకాలు బిగుసుకుపోయిందనీ, పిల్ల కాలేజీ మానేసి, సముద్రపొడ్డున ఓడరేవు అనే ఊళ్ళో వాళ్ళమ్మ దగ్గరే ఉంటోందనీ తెలిసింది. అన్నీ వాళ్ళ చేతా వీళ్ళ చేతా అడిగించి తెలుసుకున్నవే. తను ఒక్కసారీ వెళ్ళలేదు. ఈ ఆదివారం వెళ్దాం అనుకునేది. ఆదివారం వచ్చేసరికి జ్వరం వచ్చినట్టుండేది. ఒకసారి సాలోమి నుంచే ఫోనొచ్చింది. బల్లమీద ఫోను మోగుతుంటే, అది ఆగేదాకా గోడకు ఆనుకుని నిలబడింది. మళ్ళీ ఆ పిల్ల చేయలేదు.

ఆ తర్వాత ప్రాక్టీసు తీరే మారిపోయింది. ఎవరైనా కాలు నొప్పంటే చాలు, పదిహేను రోజులు కోర్టులోకి రానిచ్చేది కాదు. కాస్త కుంటితే ఇంటికి పంపేసేది. ఎత్తు బంతులు తగ్గించింది. నెట్ దగ్గర బంతిని అడ్డుకునే బ్లాక్‌కి ఇద్దరు కలిసి ఎగరొద్దంది. జట్టు వరసగా ఓడింది. దానికి ఆమెకు పెద్దగా బాధ కలగలేదు. అందరూ రెండు కాళ్ళ మీదా నడుచుకుంటూ ఇంటికి పోతున్నారు, చాలు అనుకునేది.

ఒక శనివారం ప్రాక్టీసయ్యాక బూట్లు విప్పుకునే గదిలోకి అనుకోకుండా వెళ్ళింది. భ్రమరాంబ అనే అమ్మాయి బెంచీ మీద కూర్చుని సాక్సు తీస్తోంది. చీలమండ వాచి నీలంగా ఉంది. మేడమ్‌ని చూడగానే ఆ పిల్ల గబుక్కున కాలు బెంచీ కిందికి లాక్కుంది.

ఎన్నాళ్ళనుంచి అని అడిగింది. మూడు వారాలంది ఆ పిల్ల. చెబితే ఆడనివ్వరని ఎవరమూ చెప్పడం లేదు మేడమ్ అంది.

ఎవరమూ అన్న మాట హైమావతి చెవిలో ఉండిపోయింది. పదకొండు మంది పిల్లలు. ఎవరి బూటు లోపల ఏముందో తనకు తెలియదు. రేపో ఎల్లుండో మళ్ళీ ఆ చప్పుడు వినపడుతుంది. ఈసారి లాగుతోందని ముందుగా ఎవరూ చెప్పరు కూడా.

ఆ సాయంత్రమే రాజీనామా కాయితం రాసింది. మర్నాడు తెల్లవారగానే, ప్రిన్సిపాల్‌కి ఇచ్చేముందు ఒకసారి చూపించాలని వేటపాలెంలో దావూద్ సార్ ఇంటికి వెళ్ళింది.

ఆయన అప్పుడే నమాజు చేసుకుని వచ్చి, వరండాలో చెప్పులు తుడుచుకుంటున్నారు. కాయితం అందుకుని చదివారు. మడిచి తిరిగి ఆమెకే ఇచ్చారు. అడగకపోయినా హైమావతి అంతా చెప్పింది. చప్పుడు గురించి, మోగి ఆగిపోయిన ఫోను గురించి, నీలంగా వాచిన చీలమండ గురించి.

"ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల్ని ఎగిరించారు కదా సార్. మీకు భయం వేయలేదా?"

సార్ తుడుస్తున్న చెప్పులు కిందపెట్టి తొడుక్కున్నారు.

"నాకు కాస్త పనుంది. తోడు రా" అన్నారు.

చీరాల వచ్చి బస్సెక్కారు. కండక్టరు దగ్గరికొచ్చినప్పుడు సార్ రెండు వేళ్ళు చూపించి "ఓడరేవు" అన్నారు.

హైమావతి చప్పున తల తిప్పింది. సార్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి జీడితోటలు చూస్తున్నారు. బస్సు ఆగిన ప్రతిచోటా, ఇక్కడ దిగిపోతాను అనుకుంది. దిగడానికి లేవబోయింది కూడా ఒకసారి. ఎవరో ముసలావిడ బుట్ట అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. జరగమ్మా అనడానికి నోరు రాలేదు. ఏమంటుంది ఆ పిల్ల? ఏమీ అనకపోతేనో? వాళ్ళమ్మ అందరిముందూ నిలదీస్తే? ఉప్పుగాలి మొహానికి తగిలింది. మ్యాచ్‌లు ఆడిన రోజుల్లో కూడా ఇంత భయం ఎరగదు.

ఇసకలో నడిచి వెళ్ళాలి. సార్ ముందు, ఆమె వెనక. ఆయనకు దారి అడగాల్సిన పని లేకపోయింది. ఆరబెట్టిన వలల పక్కనుంచి తిరిగి, రేకుల ఇంటి ముందు ఆగి, "కాంతమ్మా" అని పిలిచారు.

"రండి సారూ, ఇవాళ ఆలస్యమైందే" అంటూ సాలోమి తల్లి బయటికొచ్చింది. వెనకున్న మనిషిని చూసి ఆగిపోయింది. తర్వాత పక్కకు జరిగి దారిచ్చింది.

లోపల గచ్చు మీద చాప పరిచి ఉంది. చాప మీద సాలోమి వెల్లకిలా పడుకుని ఉంది. హైమావతిని చూసి లేవబోతే, సార్ వద్దని చెయ్యూపారు. మోకాలి మీద పొడుగ్గా, లేతగా మచ్చ. ఆ కాలు రెండో కాలికంటే సన్నబడింది. హైమావతి చూపు గోడ మీదికి తిప్పుకుంది. గోడకు బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ కాలి మీదికే వచ్చింది.

కాసేపట్లో ఆమెకు సంగతి అర్థమైంది. సార్ ప్రతి ఆదివారమూ వస్తున్నారు. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే ఆయన దగ్గర కూర్చుని అంతా నేర్చుకుని, కాంతమ్మకు నేర్పారు. కాంతమ్మ మడమ పట్టుకుని మోకాలు వంచుతుంది. సార్ పక్కన పీట మీద కూర్చుని అంకెలు లెక్కపెడతారు. ఎన్ని నెలల నుంచి వస్తున్నారని ఆమె అడగలేదు. సార్ ఈ సంగతి ఆమెతో ఒక్కమాటా అనలేదు ఇన్నాళ్ళూ.

కాంతమ్మ చాప దగ్గర కూర్చోగానే సార్ ఆపారు.

"ఇవాళ నువ్వు లేమ్మా. హైమ పట్టుకుంటుంది."

కాంతమ్మ లేవలేదు. తల్లి వైపు చూసింది సాలోమి. బయట ఎవరో పడవ ఇంజను తిప్పుతున్న చప్పుడు. చివరికి కాంతమ్మ లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. అక్కడినుంచి కదల్లేదు.

"సార్, నావల్ల కాదు" అంది హైమావతి.

సార్ వంగి ఆమె చెయ్యి పట్టుకుని చాప దగ్గర కూర్చోబెట్టారు. ఆమె అరచేతిని సాలోమి మడమ కింద పెట్టారు. మడమ చల్లగా, గరుకుగా ఉంది.

"వంచు. ఒకటి" అన్నారు.

హైమావతి మెల్లగా తోసింది. మోకాలు కొంచెం లేచింది. రెండు అన్నారు. ఇంకొంచెం. మూడు అనేసరికి మోకాలు ఎక్కడో పట్టేసింది. సాలోమి పళ్ళ సందునుంచి "అమ్మా" అంది.

హైమావతి నిప్పు తగిలినట్టు రెండు చేతులూ లాగేసుకుంది. పట్టు తప్పిన కాలు దబ్బున చాప మీద పడింది. ఈసారి సాలోమి గట్టిగానే అరిచింది.

గుమ్మం దగ్గర కాంతమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. హైమావతి గోడకేసి వెనక్కి జరిగిపోయింది. తలెత్తలేదు. ఇక్కణ్ణుంచి లేచి ఇసకలో ఎటో పరిగెత్తాలని ఉంది.

సార్ కోప్పడలేదు. పీట మీంచి కదల్లేదు కూడా. సాలోమి నొప్పి తగ్గి ఊపిరి మామూలయ్యేదాకా ఆగారు. ఆ తర్వాత, ఎప్పుడో కోర్టులో సర్వీసు ఎలా వేయాలో చెప్పిన గొంతుతోనే అన్నారు:

"నొప్పంటే ఆపాలి హైమా. వదలకూడదు."

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. ఆయన ఇంకేమైనా అంటారని ఎదురుచూసింది. సార్ అప్పటికే పీట సరిచేసుకుని లెక్కకు సిద్ధమయ్యారు.

హైమావతి చాప దగ్గరికి జరిగింది. మడమ కింద చెయ్యి పెట్టింది. రెండో చెయ్యి మోకాలి వెనక ఆనించింది.

ఒకటి. రెండు. మూడుకి మళ్ళీ అక్కడే పట్టేసింది. సాలోమి కళ్ళు మూసుకుంది. "మేడమ్, నొప్పి."

హైమావతి ఆపేసింది. ముందుకు తోయలేదు. వెనక్కి దించలేదు. కాలి బరువంతా తన చేతుల్లోనే ఉంది. అలాగే పట్టుకుని కూర్చుంది. నుదుటి చెమట కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. సార్ లెక్క ఆపేశారు. బయట ఇంజను చప్పుడు దూరమైపోయింది.

"ఫోను చేశావు. నేను ఎత్తలేదు" అంది హైమావతి.

సాలోమి కళ్ళు తెరవలేదు.

"ఆ రోజు నువ్వు చెప్పావు కూడా. నేనే ఆపలేదు."

ఆ పిల్ల కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. కణతల మీదుగా నీళ్ళు జారి చెవిలోకి పోయాయి. మోకాలిలో బిగువు సడలడం హైమావతికి చేతికి తెలిసింది, కొద్దికొద్దిగా.

"ఇప్పుడు వంచండి మేడమ్" అంది సాలోమి.

"నాలుగు" అన్నారు సార్.

ఇరవై అయ్యేసరికి ఎండ గడప దాటి లోపలికొచ్చింది. సాలోమి గోడ పట్టుకుని లేచి, చాప చుట్టి పక్కన పెట్టింది. సార్ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటుంటే కాంతమ్మ అడిగింది, వచ్చే ఆదివారం కూడా ఇదే వేళకు వస్తారా సారూ అని.

సార్ వంగి చెప్పు పట్టీ సర్దుకుంటున్నారు.

"ఆదివారాలు మాకు ప్రాక్టీసు ఉండదమ్మా" అంది హైమావతి. మడిచిన రాజీనామా కాయితం తన దగ్గరే ఉందని ఆ మాట అన్నాక గుర్తొచ్చింది. "నేను వస్తాను."

కాంతమ్మ ఆమె మొహంలోకి మొదటిసారి తిన్నగా చూసింది.

"పెందలాడే రండి" అంది. "తొమ్మిదింటికి మేము చర్చికి పోవాలి."