ఎర్ర పోగు కట్టిన బీరకాయ

కాకినాడలో వరహాలమ్మ గారి మేడ ఎక్కితే కాలు పెట్టడానికి చోటుండదు. పెయింటు డబ్బాల్లో వంగ, చిల్లు బకెట్లలో బెండ, బియ్యం సంచుల్లో కంద, అడ్డంగా కోసిన నీళ్ల డ్రమ్ములో బీర. ఆ బీరపాదు ఊరుకోకుండా బట్టలారేసే తీగ పట్టుకుని, మూల వెల్లకిలా పడేసిన పాత టీవీ డిష్ మీదికి పాకేసింది. ఆ డిష్‌లో, ఆకుల చాటున, బుల్లెమ్మ అనే ఉడత కాపురం పెట్టింది. శ్రావణమాసానికి ముగ్గురు పిల్లలు పుట్టారు. ఇంకా కళ్లు తెరవలేదు. పైన గద్ద తిరుగుతూనే ఉంది. ఆకులున్నంత వరకే ఆ పిల్లలకి దిక్కు.

ఓ సందెవేళ వాననీటి గొట్టం పట్టుకుని గవర్రాజు పైకొచ్చాడు. గవర్రాజంటే పందికొక్కు. మకాం కింద మురుగుకాలవలో, పెత్తనం వీధి వీధంతా. వచ్చీ రాగానే డ్రమ్ములో ముక్కు పెట్టాడు.

"అబ్బ! తడి మట్టి, లేత వేరు, బలిసిన వానపాములు. ఇక తవ్వడమే తరువాయి!"

బుల్లెమ్మ డిష్ అంచుకొచ్చి తొంగిచూసింది. వేరు తెగితే పాదు వాడుతుంది, ఆకు రాలుతుంది, పిల్లల్ని గద్దకి విస్తరేసి వడ్డించినట్టే. కొట్లాడదామంటే తను పిడికెడు. ఏడుద్దామంటే వాడు కరిగే రకం కాదు. అప్పుడు వేసవి సంగతి గుర్తొచ్చింది. వరహాలమ్మ గారు చీరంత పొడుగున గుమ్మడి వడియాలు ఎండబెడితే, ఈ గవర్రాజు అవన్నీ వదిలేసి, బుల్లెమ్మ నోట్లో ఉన్న విరిగిన ముక్క కోసం మేడంతా తరిమాడు. ఎదుటివాళ్ల నోటి దగ్గరుంటేనే వాడికి రుచి.

అంతే, బుల్లెమ్మ ఒక్క దూకు దూకి, పాదు నడుమ వేలాడుతున్న ఓ పెద్ద బీరకాయని కావలించుకుంది. దాని తొడిమకి ఎర్ర పోగు కట్టి ఉంది.

"తవ్వుకో మావయ్యా, నీ ఇష్టం. ఈ కాయ జోలికి మాత్రం రాకు!"

గవర్రాజు తలెత్తాడు. "ఏముందే ఆ కాయలో?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే అలా కరుచుకున్నావేం? ఆ ఎర్ర పోగేంటి?"

"అమ్మగారు కట్టారు. దీన్ని కొయ్యరు. ఎవర్నీ కొయ్యనివ్వరు."

గవర్రాజు బుర్ర గిర్రున తిరిగింది. వరహాలమ్మ సంగతి వాడికి తెలియనిదా! బీరకాయ కూర వండి, తొక్కు కూడా పారేయకుండా పచ్చడి నూరుకునే మనిషి. చెత్తబుట్టలో వాడికి ఏనాడూ ఓ తొక్క దొరికిన పాపాన పోలేదు. అంత పొదుపు మనిషి ఇంత కాయని కొయ్యకుండా దాచిందంటే, అందులో ఎంత రుచి ఉండాలి!

పిట్టగోడ మీద తాతబ్బాయి అనే తొండ ఉన్నాడు. "ఏరా తాతబ్బాయ్, ఈ కాయ అంత గొప్పదేనా?"

తాతబ్బాయి తల ఊపాడు. వానొస్తుందా అన్నా ఊపుతాడు, రాదా అన్నా ఊపుతాడు. తొండ జాతికది పుట్టుకతో వచ్చిన అలవాటు. గవర్రాజుకి మాత్రం సాక్ష్యం దొరికినట్టయింది.

"అయితే ఇది నాది! బాగా ఎదగనిచ్చి తింటాను."

"ఎదగాలంటే వేరుండాలిగా మావయ్యా," అంది బుల్లెమ్మ మెల్లిగా.

గవర్రాజు మట్టిలోంచి కాళ్లు తీసేసుకున్నాడు.

ఆ రోజు నుంచీ ఆ పాదుకి వాడే కాపలా. చుంచెలుకల్ని తరిమాడు, నత్తల్ని గెంటాడు, చిలక వాలబోతే గుర్రుమన్నాడు. వరహాలమ్మ గారు మాత్రం మిగతా కాయలు లేతగా కోసుకుంటూనే ఉన్నారు. భాద్రపదపు ముసురు తెరిపిచ్చాక మేడ మీదే పొయ్యి పెట్టి బీరకాయ బజ్జీలు వేశారు. దసరాకి బెండకాయ పులుసు ఘుమఘుమలాడింది. కార్తీకంలో ఉసిరికాయలు ఆరబోశారు. బుల్లెమ్మ పిల్లలు కళ్లు తెరిచి, రాలిన ముక్కలు తిని బొద్దుగా తయారై, తీగల మీద పరుగులు పెట్టారు. గవర్రాజు ఒక్కటీ ముట్టలేదు. విందుకి ముందు కడుపు పాడుచేసుకుంటారా ఎవరైనా!

"పాపం, చిక్కిపోయాడే. చెప్పేద్దామా?" అన్నాడు తాతబ్బాయి.

బుల్లెమ్మకీ ఒక్కోసారి జాలేసేది. అంతలో గద్ద కూత వినబడేది. ఆ జాలి అక్కడితో సరి.

కాయ పచ్చదనం పోయి గోధుమరంగుకి తిరిగింది. గాలికి గలగలమంది.

"లోపల జీడిపప్పు పడిందిరోయ్!" అన్నాడు గవర్రాజు.

తాతబ్బాయి తల ఊపాడు.

మార్గశిరంలో ఓ పొద్దుటి పూట, పాదు ఎండిపోయాక, గవర్రాజు అందర్నీ పిలిచాడు. "చూడండ్రా, తినడమంటే ఏంటో!" అని కాయ చివర కసుక్కున కొరికాడు. పళ్ల నిండా పీచు. లాగితే రాదు, మింగితే దిగదు. ఓ గింజ నాలుక మీద పడితే చేదు విషం. బెండకాయ ముదిరితే కనీసం నమలొచ్చు, బీరకాయ ముదిరితే అదీ కుదరదు.

సరిగ్గా అప్పుడే వరహాలమ్మ గారు బిందె తోముకుందామని పైకొచ్చారు. "ఓరి నీ మొహం మండా!" అని చీపురు తిరగేశారు. గవర్రాజు పీచు గడ్డంతోనే గొట్టంలోకి దూకాడు. ఆవిడ విత్తనానికని పోగు కట్టి ఉంచుకున్న ఆ కాయ విదిలించి, నల్లటి గింజల్ని కొంగులో పోసుకున్నారు. "ఏటా సగం విత్తనం ఎలకల పాలయ్యేది. ఈ ఏడు ఏ మహానుభావుడు కాపలా కాశాడో!" అనుకుంటూ, మిగిలిన పీచుతో బిందె తోముకున్నారు.

గొట్టంలోంచి మూలుగు వినిపించింది. "ఒసే బుల్లెమ్మా! ముందే చెప్పొచ్చుగదే!"

"నువ్వడగ్గానే చెప్పాను మావయ్యా, ఏమీ లేదని. నువ్వు నమ్మితేగా!"

తాతబ్బాయి తల ఊపాడు. ఈసారి నిజంగానే ఔనని ఊపాడు.

తొలకరికి ఆ గింజలే మొలిచి మళ్లీ డిష్‌ని కప్పేశాయి. బుల్లెమ్మ కొత్త పిల్లలకి నీడ దొరికింది. పాదులో మళ్లీ ఓ కాయకి ఎర్ర పోగు పడింది. గవర్రాజు దాన్ని దూరం నుంచి చూసి, గొట్టంలోకి దిగిపోయాడు.

ఎదుటివాడి నోటి దగ్గరిదే రుచనుకునేవాడికి చివరికి మిగిలేది పీచే.