సుంకులమ్మ ఆపిన మోట

వానలు మొహం చాటేసిన ఆ ఊళ్లో నీళ్లున్న బావి ఒక్కటే. దొరగారి మల్లెతోట కోసం పొద్దస్తమానం ఎద్దుల మోట నీళ్లు తోడుతూనే ఉంది. జనం ఖాళీ కడవలతో గట్టున కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. అడుగున బురద కనబడగానే మోట తోలే సుంకులమ్మ ఎద్దుల్ని విప్పేసింది.

"ఎవర్నడిగి ఆపావే?" దొర ఉరిమాడు.

"ఊట ఊరాలి దొరా. ఊరినదాంట్లో ముందు కడవలు, మిగిలితే మల్లెలు."

"క్షణం ఆగడానికి వీల్లేదు! ఇది నా ఆజ్ఞ!"

"అయితే మీ బిరుదులన్నీ కలిపి, గుక్క తిప్పుకోకుండా ఆ ఆజ్ఞేదో బావికే చెప్పండి. వింటుందేమో."

దొర గొంతెత్తి మొదలెట్టాడు. పదకొండో బిరుదుకి మొహం కందగడ్డలా అయింది. పన్నెండోదానికి నోరు తెరిచి రొప్పాడు.

"ఆగిపోయారేం దొరా?"

"ఊపిరి... పీల్చుకోవద్దటే?"

"బావీ అదే అడుగుతోంది" అంటూ సుంకులమ్మ ఎద్దులకి గడ్డి వేసింది.