కలువరేఖ ఆడించిన మూడో నాటకం

అనగనగా, మీ అల్లరి మానకుండానే వినండర్రా, ఒక రాజు. ఆ రాజుకి ఒక కూతురు, ఒక కొడుకు. కూతురు కలువరేఖ పిల్లల కోసం నాటకాలు రాసి కోట ముంగిట ఆడించేది. కొడుకు ఉదయసేనుడు చిన్నవాడు. అక్క నాటకం చూస్తే దొర్లి దొర్లి నవ్వేవాడు.

ఆ రాజ్యానికి కరాళఘంటుడనే మాంత్రికుడు వచ్చాడు. "నవ్వే పిల్లలు చెడిపోతారు మహారాజా! వాళ్ళ నాటకాలు నాకప్పగించండి, దిద్దిపెడతాను" అన్నాడు. రాజు సరేనన్నాడు. అనడూ మరి! పిల్లలకేం కావాలో పిల్లల్ని ఎవరడుగుతారు?

మర్నాడు నాటకం మధ్యలో ఉదయసేనుడు పకపకా నవ్వాడు. మాంత్రికుడు మంత్రదండం ఊపాడు. పిల్లాడు తెరిచిన నోరు తెరిచినట్టే మట్టిబొమ్మయిపోయాడు.

కలువరేఖ భగ్గుమంది. "నా తమ్ముణ్ణి నాకిచ్చెయ్!"

"నేను తప్పు పట్టలేని నాటకం ఆడించు, ఇస్తాను. మూడుసార్లు చూస్తాను. మూడోదీ తప్పయితే నువ్వూ బొమ్మవే!"

మొదటి నాటకంలో రాక్షసుడు వచ్చాడు.

"తప్పు! పిల్లలు జడుసుకుంటారు."

"జడుసుకోడానికేగా వచ్చింది!" అని పిల్లలు అరిచారు. వింటేనా!

రెండో నాటకంలో రాక్షసుడి బదులు కోతి వచ్చి మామిడిపళ్ళు ఎత్తుకుపోయింది.

"తప్పు! పిల్లలు దొంగతనం నేర్చుకుంటారు."

"రాక్షసుడూ వద్దు, కోతీ వద్దు. మీ తాతగారి తద్దినం ఆడించమంటారా?" అంది కలువరేఖ ఒళ్ళు మండి.

ఆమె నాటకాల్లో వేషాలు కట్టే ఉడుత ఒకటుంది, మాటలొచ్చిన ఉడుత. అది చెవిలో చెప్పింది: "అక్కా, వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట. ఆ చిలక ఎక్కడుందో ఎవరికీ తెలీదు."

"వాడికి తెలుసుగా! తప్పు కనబడితే నోరు కట్టుకోలేడు. వాడిచేతే చెప్పిద్దాం."

మూడో నాటకంలో మాంత్రికుడి వేషం వచ్చింది. "నా ప్రాణం ఏడు సముద్రాల అవతల, తాటితొర్రలో ఉన్న చిలకలో ఉంది!" అని గర్జించింది.

"తప్పు!" కరాళఘంటుడు ఎగిరి లేచాడు. "బుద్ధుండాలి రాసేవాళ్ళకి! ఏడు సముద్రాల అవతలుంటే రోజూ జామపండు ఎవడు పెడతాడు? నా వంటింట్లో, ఉట్టి మీద పంజరంలో ఉంది!"

ఉడుత అప్పటికే పరుగు తీసింది.

మాంత్రికుడు నాలిక్కరుచుకుని మంత్రదండం ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దించేలోగా, ఉడుత తలుపు తీసిన పంజరంలోంచి చిలక ఎగిరొచ్చి కలువరేఖ భుజం మీద వాలింది.

"పండు ఇలా కొరక్కూడదు, అలా కొరకాలి అని నాకూ రోజూ తప్పులే! నీ ప్రాణం మోసింది చాలు!" అని, జామగింజని ఉమ్మినట్టు వాడి ప్రాణాన్ని తూ అని ఉమ్మేసింది.

మాంత్రికుడు కుప్పకూలాడు. ఉదయసేనుడు ఆగిన చోటి నుంచే నవ్వడం మొదలెట్టాడు. కలువరేఖ వాణ్ణి ఎత్తుకుని నవ్విందో ఏడ్చిందో, రెండూనో!

ఆ తర్వాత రాజకుమారులు ఆమె కోసం వరసకట్టారు. ఒకడు ఏనుగులిస్తానన్నాడు. ఒకడు వజ్రాలిస్తానన్నాడు. మూడోవాడు, "మీ నాటకంలో గాడిద వేషానికి వెనక కాళ్ళు నేనవుతాను" అన్నాడు.

అతణ్ణే పెళ్ళాడింది. ఇద్దరూ అతని రాజ్యాన్ని చిరకాలం ఏలారు. నాటకం రోజున ఆ మహారాజు కిరీటం పక్కన పెట్టి గాడిద తోలులో దూరేవాడు. పిల్లలు తన్నమంటే తన్నేవాడు.