పిల్లికూన కడుపులో గుడ్లు

తవిటినాయుడింట్లో తెలివి ఎక్కువైపోయిందని వాళ్ళకే బెంగ. “మన తెలివి ఊరంతటికీ పంచినా తరగదే!” అనేవాడు తవిటినాయుడు. పెళ్ళాం సూరమ్మ, తమ్ముడు పోలినాయుడు ‘నిజమే’ అని తలలూపేవారు.

సూరమ్మకి ‘మినప్పప్పు’ అని పేరు పెట్టుకున్న తన పిల్లికూనంటే ప్రాణం. దాని పొట్ట కుండలా ఉబ్బి, ఒళ్ళు పుల్లలా ఎండిపోతుంటే ఆమెకి అన్నం సయించలేదు. పశువుల డాక్టరు చూశాడు. “నులిపురుగులమ్మా. బరువును బట్టి మందు పట్టాలి. కూనని ఎత్తుకుని ఒకసారి కాటా ఎక్కండి, దింపేసి ఒకసారి ఎక్కండి. ఆ తేడాయే దీని బరువు.”

రైసుమిల్లు కాటా మీదికి బండలాంటి తవిటినాయుడు కూనతో ఎక్కాడు. దిగేసరికి ఆయాసం. “రెండోసారి నువ్వెక్కరా” అన్నాడు తమ్ముడితో. బక్కచిక్కిన పోలినాయుడు ఎక్కాడు. ఇంకేముంది, కూన ముప్పై కిలోలు తూగింది!

మందు కొనబోతే కొట్టాయన నవ్వాడు. “ముప్పై కిలోలా? అది పిల్లి కాదు బాబూ, పులి!”

అంతే! ముగ్గురూ ఇంటికి పరుగెత్తి, కూనని అరుగు మీద వదిలేసి, మేకల్ని అటకెక్కించి గడియ పెట్టుకున్నారు. బయట పులి ‘మ్యావ్’ మంది. సూరమ్మకి మనసాగలేదు. “పులైతే మాత్రం నా పులి కాదేటి!” అని ఏడుస్తూ తలుపు తీసింది.

అటక మీద మేకల గోల విని డాక్టరే వచ్చాడు. తల బాదుకుని, కూనని తనే తూచి మందు చుక్కలు వేశాడు. “ఈ మందుకి పురుగులే పోతాయి, గుడ్లు పోవు. అవి పిల్లలయ్యాక మళ్ళీ పట్టాలి. కూన దొడ్డికెళ్ళిన చోటల్లా శుభ్రం చేసి, చేతులు కడుక్కోండి.”

మిగతాదంతా గాలికిపోయింది, గుడ్లు మాత్రం బుర్రలో నిలిచాయి. కోళ్ళు పెంచే ఇల్లాయె! గంపలో గడ్డి పరిచి, కూనని పడుకోబెట్టి, దానిమీద కోడిపెట్టని పొదగేశారు. పుట్టబోయే పిల్లలకని నూకలు కూడా చల్లారు.

రెండో విడత మందుతో డాక్టరొస్తే సూరమ్మ గంపకి అడ్డం నిలబడింది. “కదపకండి బాబూ, పిల్లలు బయటికొచ్చే వేళ!”

“అవి కోడిపిల్లలు కాదమ్మా, పురుగులు!”

సూరమ్మ మొహం చేటంతయింది. “పురుగులా! ఇన్నాళ్ళూ సెప్పరేటి? మా కోడికి మేత!” అంటూ కూన నోరు తెరిచి కోడి ముక్కు దగ్గర పెట్టింది. “లోపలున్నాయే తల్లీ, ఏరుకు తిను.”

తెరిచిన నోట్లో డాక్టరు గబుక్కున చుక్కలు వేసేశాడు.

కూన బతికిపోయింది. నోటికాడి మేత పాడుచేసి కోడిని పస్తు పెట్టాడని సూరమ్మ మాత్రం డాక్టరుని ఇప్పటికీ తిడుతూనే ఉంది.