తవిటమ్మ కాల్చని ఉత్తరాలు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది మా అమ్మమ్మ చెప్పిన మాట. ఆమెకి వాళ్ల అమ్మమ్మ చెప్పిందట.

అనగా అనగా, మనలో ఎవ్వరమూ పుట్టకముందు, దొరల రాజ్యం నడిచే రోజుల్లో, గెడ్డ ఒడ్డున, అంటే వాగు ఒడ్డున, రేగులవలస అని ఒక ఊరుండేది. ఆ ఊరి చివర తవిటమ్మ అనే మేదరి మనిషి ఉండేది.

ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. ఈ పిల్లయినా బతకాలని తల్లి ఆమెను చేటలో పెట్టి పొరుగింటావిడకి ఇచ్చేసింది. గుప్పెడు తవుడు పుచ్చుకుని, మళ్లీ తెచ్చుకుంది. అందుకని తవిటమ్మ అయింది. పెరిగింది. పెళ్లయింది. మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఒక గుడిసె, ఒక కత్తి, నాలుగు వెదురుబొంగులు. చేటలు అల్లేది, గంపలు అల్లేది, ధాన్యం పోసుకునే గాదెలు అల్లేది. ఆమెకు చదువు రాదు. వెదురు వచ్చు.

అలా ఉండగా సముద్రం అవతల పెద్ద యుద్ధం వచ్చింది. ఎవరికీ ఎవరికీ మధ్య యుద్ధమో ఊళ్లో ఒక్కరికీ తెలీదు. దొరల మనుషులు వచ్చి రేగులవలస నుంచి పదకొండు మందిని పటాలంలోకి తీసుకుపోయారు. ఆ పదకొండు మందిలో రాత వచ్చినవాడు లచ్చన్న ఒక్కడే. అందుకని అందరి ఉత్తరాలూ అతనే రాసేవాడు. ఇక్కడ ఊళ్లో మునసబుకి చదువొచ్చు గాని, ఆయన అరుగు దగ్గరికి వెళ్లే ధైర్యం ఆడవాళ్లకి లేదు. అందుకని అందరి ఉత్తరాలూ బడిపంతులే చదివేవాడు.

ఉత్తరం వచ్చిందంటే చాలు, ఆడవాళ్లంతా పంతులు అరుగు ముందు చేరేవాళ్లు. తవిటమ్మ కూడా వెళ్లేది. ఆమెకి ఉత్తరం రాసేవాళ్లు ఎవరూ లేరు. వాకిట్లో ఓ మూల కూర్చుని, చేతిలో బద్దలు అల్లుకుంటూ వినేది.

పంతులు చదువుతూ చదువుతూ ఆగిపోయేవాడు. "ఇక్కడ నల్ల గీతమ్మా" అనేవాడు. దొరలు దారిలోనే ఉత్తరాలు విప్పి చూసి, తమకి గిట్టని మాటల మీద నల్ల సిరా పూసేవారు. ఆ గీత కింద ఏముందో పంతులుకీ తెలీదు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అందరికన్నా ఎక్కువ బెంగపడేది సూరమ్మ. ఆమె పెనిమిటి కూర్మయ్య పటాలానికి వెళ్లేనాటికి ఆమెకి ఆరో నెల. ఆడపిల్ల పుట్టింది. నర్సి అని పేరు పెట్టింది. ఆ పిల్ల తండ్రిని చూడలేదు, తండ్రి పిల్లని చూడలేదు.

ఒకరోజు కూర్మయ్య ఉత్తరంలో ఒక మాట వచ్చింది. "వానలు పడకముందే గాదె అల్లించు. తవిటమ్మకి చెప్పు. ఆమె అల్లితే ఎలక దూరదు."

వాకిట్లో తవిటమ్మ చేతులు ఆగిపోయాయి. "ఏటన్నారు బాబూ? నా పేరు రాసుందా?"

"రాసుంది తవిటమ్మా."

"నా పేరు ఎలాగుంటాదో ఓసారి చూపించండి."

పంతులు కాగితం వంచి, వేలు పెట్టి చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది. మళ్లీ బద్ద అందుకుంది.

ఇలా ఉండగా ఊళ్లోకి ఒక భయం వచ్చింది. పక్క ఊరి కుర్రాడొకడు పటాలం నుంచి పారిపోయాడట. వాడు ఇంటికి రాసిన ఉత్తరాలు దొరికాయట. వాడి తండ్రినీ అన్ననీ కట్టి తీసుకుపోయారట. ఇక ప్రతి ఊరూ సోదా చేస్తారట. మునసబు ఇంటింటికీ మనిషిని పంపించాడు. "పటాలం నుంచి వచ్చిన కాగితం ముక్క ఎవరింట్లోనూ ఉండకూడదు. రేపు మధ్యాహ్నంలోగా కాల్చెయ్యండి. దొరికితే నేను అడ్డం రాను."

ఆడవాళ్లు ఉత్తరాలు తీశారు. పొయ్యి ముందు కూర్చున్నారు. ఎవరికీ చేతులు రాలేదు. చివరికి అందరికీ ఒకటే తోచింది. తవిటమ్మ వాకిట్లో ఎప్పుడూ మంట ఉంటుంది. వెదురు వంచడానికి కాక పెడుతుంది కదా.

ఒకరి వెనక ఒకరు వచ్చారు. సూరమ్మ ఆఖరున వచ్చింది. పిల్లని చంకనేసుకుని, రెండో చేత్తో ఉత్తరాలు చాపింది. "తవిటప్పా, నా చేత్తో నేను వెయ్యలేను. నువ్వే వేసెయ్. నేను వెళ్లేదాకా ఆగి వెయ్."

అందరూ వెళ్లారు. తవిటమ్మ మంట ముందు కూర్చుంది. ఒళ్లో పదకొండు ఇళ్ల ఉత్తరాలు. చేతులు వణుకుతున్నాయి. వేస్తే భయం పోతుంది. వెయ్యకపోతే ఊరంతటికీ చేటు రావచ్చు. మూడుసార్లు చెయ్యి చాపింది. మూడుసార్లు వెనక్కి తీసుకుంది. ఆఖరికి వెదురు పొట్టు దోసిళ్లతో ఎత్తి మంటలో పోసింది. పొగ గుప్పున లేచింది. ఊళ్లో ఆడవాళ్లు ఆ పొగ చూసి గుమ్మాల్లో కూర్చుని ఏడ్చారు.

ఉత్తరాలు మాత్రం చేట కింద ఉన్నాయి.

ఏది ఎవరిదో మళ్లీ తెలియాలి. ఆమెకు చదువు రాదు. వెదురు వచ్చు. ఊళ్లో ఎవరింటి గంపకి ఏ అల్లికో ఆమెకు తెలుసు. ఏ ఇంటి ఉత్తరాలకి ఆ ఇంటి అల్లికతో చిన్న పట్టీ అల్లి కట్టింది. తర్వాత రెండు పొరల బుట్ట ఒకటి అల్లింది. లోపొరలో వేపాకు పరిచి ఉత్తరాలు పెట్టింది. పైన పేడ మెత్తింది. గుమ్మం పక్కనే ఉన్న పొయ్యి పైన, గుడిసె వాసానికి వేలాడదీసింది. పొగ తగిలితే చెద పట్టదు.

ఆ రోజుతో ఆమెకి నిద్ర కరువైంది. చెదకి భయపడింది. తడికి భయపడింది. మనిషి అడుగుల చప్పుడుకి భయపడింది.

మొదట సోదా జవాన్లు వచ్చారు. చాపలు తిరగేశారు, కుండలు తిరగేశారు. ఒకడు కర్రతో వేలాడే బుట్టని పొడిచాడు. పేడ పెళ్లలు రాలాయి. "దీన్లో ఏముంది?"

"విత్తనాలు బాబూ. సొర విత్తనాలు."

"ఊళ్లో ఉత్తరాలన్నీ నీకే ఇచ్చారట. ఏం చేశావు?"

"కాల్చీసాను బాబూ."

వాళ్లు వెళ్లిపోయారు. ఆమె అక్కడే కూలబడింది.

రెండోసారి మునసబు పిలిపించాడు. "తవిటమ్మా, నీ వల్ల నా ఉద్యోగానికి ముప్పు రాకూడదు. నిజం చెప్పు. ఏం చేశావు?"

"కాల్చీసాను బాబూ."

మూడోసారి వచ్చింది సూరమ్మ. అది అన్నిటికన్నా కష్టమైంది. పటాలం నుంచి చిన్న కాగితం వచ్చింది. కూర్మయ్య జబ్బుతో పోయాడని రెండే రెండు ముక్కలు. సూరమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది. "తవిటప్పా, అన్నీ కాలిపోయాయా? ఒక అంచు ముక్కయినా మిగల్లేదా? ఆయన చెప్పిన మాట ఒక్కటి ఉన్నా చాలు."

ఆమె తల మీద జానెడు ఎత్తులో బుట్ట వేలాడుతోంది. తవిటమ్మ పైకి చూడలేదు. యుద్ధం ఇంకా అవలేదు. జవాన్లు మళ్లీ వస్తారంటున్నారు. ఇప్పుడిస్తే సూరమ్మ ఏడుపు ఊరంతా వింటుంది.

"కాల్చీసాను తల్లీ" అంది. సూరమ్మ వెళ్లాక నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

కొన్నాళ్లకి యుద్ధం అయిపోయింది. పదకొండు మందిలో ఏడుగురు తిరిగొచ్చారు. లచ్చన్న వచ్చాడు. వచ్చాడే గాని, అతను మారిపోయాడు. వానల గురించి మాట్లాడేవాడు, ఎడ్ల గురించి మాట్లాడేవాడు. యుద్ధం మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. సూరమ్మ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ తుండు భుజాన వేసుకుని లేచిపోయాడు.

సోదాలు ఆగిపోయాయి కదా, తవిటమ్మ చెప్పెయ్యొచ్చు కదా అంటారా? చెప్పాలనే అనుకుంది. రేపు చెబుతాను అనుకుంది. కాని సూరమ్మ మొహం చూస్తే మాట రాలేదు. మొగుడు పోయిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి అబద్ధం చెప్పింది. ఇప్పుడు ఏ మొహంతో చెప్పాలి? మునసబు ఏమంటాడు? ఊరు ఏమంటుంది? రేపు, రేపు అంటూ అయిదేళ్లు గడిచాయి. చెదకి భయపడింది. తడికి భయపడింది. ఇప్పుడు తన నోటికే భయపడింది. పేడ బీటలిస్తే మళ్లీ మెత్తేది. వేపాకు ఎండితే మళ్లీ పెట్టేది. జుట్టు తెల్లబడింది. నేను పోతే ఈ బుట్ట సంగతి ఎవరికి తెలుస్తుంది అని కొత్త భయం పట్టుకుంది. విత్తనాల బుట్టనుకుని పెంటలో పారేస్తారేమో.

ఆ ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. పొద్దున్న మొదలైంది. మధ్యాహ్నానికి తాటిచెట్లు విరిగిపడుతున్నాయి. తవిటమ్మ గుడిసె కప్పు ఒక్క విసురుకి లేచిపోయింది. ఆమె బుట్టని తెంపి కడుపుకి హత్తుకుంది. మీద గోనె కప్పుకుంది. ఊళ్లో పెంకుటిళ్లు మూడే. మునసబుది ఒకటి, గుడి పూజారిది ఒకటి, సూరమ్మది ఒకటి. ఈ బుట్టతో మునసబు ఇంటికి వెళ్లడానికి లేదు. పూజారి వీధికి దారి లేదు, గెడ్డ పొంగింది. ఇక మిగిలింది ఒకటే.

వంగిపోయి, పడిపోయి, మళ్లీ లేచి, సూరమ్మ తలుపు కొట్టింది. సూరమ్మ తీసింది.

"తల్లీ, నన్ను బయటే ఉంచినా సరే. దీన్ని లోపల పెట్టు."

"ఏటది?"

"మీ ఉత్తరాలు. నేను కాల్చలేదు."

సూరమ్మ బుట్టవైపు చూసింది. గాలికి తలుపు కొట్టుకుంటోంది. తర్వాత బుట్టని అందుకుని లోపల అటక మీద పెట్టింది. తవిటమ్మ చెయ్యి పట్టి లోపలికి లాగింది. పొడిబట్ట ఇచ్చింది. గంజి పోసింది. కాని మాట్లాడలేదు. మూడు రోజులు గాలివాన. మూడు రోజులూ ఒక్క మాట మాట్లాడలేదు. తవిటమ్మ గోడవారన కూర్చుని, గంజి ముందు పెట్టుకుని, తాగలేక తాగింది. గాలి కన్నా ఆ మౌనానికే ఎక్కువ వణికింది.

నాలుగోనాడు ఎండ వచ్చింది. ఊరంతా సూరమ్మ వాకిట్లో చేరింది. తవిటమ్మ అందరి ముందూ బుట్ట విప్పింది. లోపొర తడవలేదు. ఒక్కో కట్ట తీసి, అల్లిక తడిమి, ఎవరిది వాళ్లకి ఇచ్చింది. ఒక్కటి కూడా తప్పు పోలేదు. మునసబు వచ్చి చూశాడు. తలగుడ్డ సవరించుకున్నాడు. తన దారిన వెళ్లిపోయాడు.

పంతులు కూర్మయ్య ఆఖరి ఉత్తరం తీశాడు. పంతులుకి వయసుతో కళ్లు మసకబారాయి. కూడబలుక్కుంటూ చదివాడు. "నేను కులాసా. పిల్ల నడుస్తోందా? ఎవరి పోలిక?" అక్కడ ఆగాడు. "ఇక్కడనుంచి అంతా నల్ల గీతేనమ్మా."

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది.

"రేపు మమ్మల్ని ఈ చోటు నుంచి దాటించడానికి పడవ ఎక్కిస్తారంట. జబ్బు మనుషుల్ని ఎక్కించరంట. నాకు జ్వరం. బాగానే ఉన్నానని చెప్పి ఎక్కీస్తాను."

అందరూ వెనక్కి తిరిగారు. లచ్చన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నేనే రాశాను కదా. నాకు తెలుసు" అన్నాడు.

సూరమ్మ లేచి నిలబడింది. "ఎక్కాడా?"

"ఎక్కనివ్వలేదు. నుదురు పట్టుకుని చూశారు. పక్కకి లాగారు."

"నువ్వు?"

"నేను ఎక్కాను." లచ్చన్న నేల చూశాడు. "నేను ఎక్కాను సూరమ్మా. దిగుతానని అనలేదు. పడవ కదిలాక చూశాను. ఒడ్డున నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు."

"ఏ చెయ్యి?"

"ఎడమ చెయ్యి. కుడి చేత్తో కంబళి పట్టుకున్నాడు."

సూరమ్మ తన ఎడమ చెయ్యి ఎత్తి చూసుకుంది. నర్సి తల్లి మొహం చూసి, తనూ ఎత్తింది. ఆ పిల్లకి తండ్రి అంటే అంతవరకూ ఒక పేరే. ఆ రోజు ఒక మనిషయ్యాడు.

సూరమ్మ లచ్చన్నతో అంది, "ఇక్కడ కూర్చో. మిగతాది చెప్పు."

అతను కూర్చున్నాడు. ఎండ వాలేదాకా చెప్పాడు. ఒక్కో ఉత్తరం తీసి, ఒక్కో నల్ల గీత దగ్గరా ఆగి, కింద ఏముందో చెప్పాడు. నీళ్లు లేని రోజులు చెప్పాడు. ఇసుకలో పాతిన వాళ్ల పేర్లు చెప్పాడు. కొన్ని అతనికీ గుర్తు రాలేదు. తిరిగొచ్చిన మిగతా ఆరుగురూ ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఒకరు మరిచింది ఒకరు అందించారు. పంతులు వేరే కాగితాల మీద రాసి, ఆ ఉత్తరాలకే కుట్టాడు.

ఆ సాయంత్రం సూరమ్మ తవిటమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఆ రోజు నేను గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు, నా తల మీదే ఉన్నాయా?"

"ఉన్నాయి తల్లీ."

"నన్ను చాలా ఏడిపించావు అప్పా."

"ఏడిపించాను."

సూరమ్మ తవిటమ్మ చేతులు తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి. పోయేదాకా ఆ వణుకు తగ్గలేదంటారు.

తవిటమ్మ ఇంకో నాలుగేళ్లు బతికింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా ఉత్తరాలు తెచ్చి ఇచ్చేవాళ్లు. అందరికీ బుట్టలు అల్లి ఇచ్చింది. పోతూ పోతూ ఆమె అడిగింది ఒకటే, "వానకి ముందు ఓసారి విప్పి చూస్తారా?" చూస్తామని ఊరు మాటిచ్చింది.

అందుకే నేటికీ రేగులవలసలో తొలకరికి ముందు ఒకరోజు పొయ్యి వెలిగించరు. చద్దన్నం తిని, బుట్టలు దించి, ఆనాటి ఉత్తరాలూ, తర్వాతి యుద్ధాల నుంచి వచ్చినవీ చేటల్లో ఎండకి పెడతారు. సైన్యంలో చేసి వచ్చినవాళ్లని ముందు కూర్చోబెడతారు. చదువు వచ్చిన ఆడపిల్ల ఎవరైనా పైకి చదువుతుంది. నల్ల గీత వచ్చిన చోట, కుట్టిన కాగితం ఉంటే అది చదువుతుంది. లేకపోతే దాటి ముందుకు పోదు. ఆగుతుంది. తల ఎత్తి, ఎదురుగా కూర్చున్న ముసలివాళ్లని ఒక్కొక్కరినీ చూస్తుంది. ఏటేటా ఆ వరస తగ్గుతూ వస్తోంది. అయినా ఎవరో ఒకరు గొంతు సవరించుకునేదాకా, వాకిలంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది.